వ్యాపారం నడుపుతూనే ఎంబీఏకు దరఖాస్తు: ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. కంపెనీ పనులు వదలకుండానే పార్ట్‌టైమ్ ఎంబీఏ చేయాలనుకుంటున్నావని, దరఖాస్తు తెరిచి చూస్తే ప్రతి పేజీ ఉద్యోగస్తుల కోసమే తయారుచేసినట్టుందని, ‘మీ పై అధికారి పేరు’ అన్న గడి దగ్గరే చెయ్యి ఆగిపోయిందని రాశావు. సొంత వ్యాపారం ఉన్న ప్రతివాళ్లూ ఆగేది అక్కడే. నేను వ్యాపారం చూసుకుంటూ సాయంత్రపు తరగతుల్లో చదువుకున్నాను. ఆ తరువాత పూర్వ విద్యార్థిగా అభ్యర్థులను ఇంటర్వ్యూ చేసే పనిలోనూ కొన్నేళ్లు పాలుపంచుకున్నాను. బల్లకు రెండు వైపులా కూర్చున్న అనుభవంతో ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఉద్యోగం చేసేవారి దరఖాస్తులో సగం సంగతులు వారి కంపెనీయే చెబుతుంది. హోదా ఒకరు ఇచ్చినది, పదోన్నతి ఒకరు నిర్ణయించినది, జీతం ఒకరు లెక్కగట్టినది, చివరికి సిఫారసు ఉత్తరం కూడా పై అధికారి రాసేదే. నీ సంగతి అలా కాదు. హోదా నువ్వు పెట్టుకున్నదే, జీతం నువ్వు నిర్ణయించుకున్నదే, సెలవు కూడా నీకు నువ్వు ఇచ్చుకునేదే. అడ్మిషన్స్ కమిటీ నిన్ను అనుమానిస్తుందని కాదు గానీ, నీ మాటకు నీ మాటే సాక్ష్యమైనప్పుడు ఇద్దరు అభ్యర్థులను పక్కపక్కన పెట్టి పోల్చడానికి వాళ్లకు ఆధారం దొరకదు. కాబట్టి దరఖాస్తులో ఏ భాగం నింపుతున్నా, ‘ఈ సంగతి నేను కాక ఇంకెవరు చెప్పగలరు?’ అని ముందు అడుగు. నేను కింద రాసేదంతా ఆ ప్రశ్నకు జవాబులు వెతకడమే.

ఏ కోర్సుకు వెళ్లాలో నువ్వు ఇంకా తేల్చుకోలేదు కనుక ముందు ఆ మాట చెబుతాను. సాయంత్రాలూ వారాంతాలూ జరిగే పార్ట్‌టైమ్ ఎంబీఏ వేరు, ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ వేరు. మొదటిదాంట్లో సాధారణంగా ఒక్కో టర్మ్‌కు ఎన్ని సబ్జెక్టులు తీసుకోవాలన్నది కొంతవరకు నీ చేతిలో ఉంటుంది; రెండోదాంట్లో అందరూ ఒకే బ్యాచ్‌గా, ముందే వేసిన షెడ్యూలు ప్రకారం నడవాలి, తోటివారికి అనుభవమూ ఎక్కువే ఉంటుంది. ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ కొత్తగా పుట్టిన ఫ్యాషనేమీ కాదు, చికాగో విశ్వవిద్యాలయం దాన్ని 1943లోనే మొదలుపెట్టింది. పార్ట్‌టైమ్ పట్టా తక్కువరకమన్న అపోహ కూడా వద్దు. అదే విశ్వవిద్యాలయంలోని బూత్ స్కూల్లో సాయంత్రం, వారాంతం చదివినవారికీ పగలు చదివినవారికీ ఇచ్చేది ఒకే ఎంబీఏ. పట్టా అవసరం లేదు, యజమానిగా ఆలోచన పదును పెరిగితే చాలు అనుకుంటే హార్వర్డ్‌లో కంపెనీ యజమానుల కోసమే ఓపీఎం (ఓనర్/ప్రెసిడెంట్ మేనేజ్‌మెంట్) అనే కార్యక్రమం ఉంది. అందులో డిగ్రీ ఇవ్వరు. నీ వ్యాపారంలో ఆర్డర్లు ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండవు కనుక, సీజనులో సబ్జెక్టులు తగ్గించుకునే వీలున్న పార్ట్‌టైమ్ కోర్సే నీకు సరిపోతుందని నా అభిప్రాయం. అయితే ఆ వీలు నిజంగా ఉందో లేదో బ్రోషరు చూసి నమ్మకు. అక్కడ ఇప్పుడు చదువుతున్న వ్యాపారస్తులతో మాట్లాడించమని అడ్మిషన్స్ ఆఫీసును అడుగు, వీలైతే ఒక తరగతిలో కూర్చుని చూడు.

ఇక రెజ్యూమే. నువ్వు పంపిన దాంట్లో ‘ఫౌండర్, మేనేజింగ్ డైరెక్టర్; కంపెనీ సమస్త వ్యవహారాల పర్యవేక్షణ’ అని ఉంది. ఇద్దరు మనుషులున్న కంపెనీ యజమానీ ఈ వాక్యమే రాయగలడు, రెండు వేలమంది ఉన్న కంపెనీ యజమానీ రాయగలడు. నాతో మాట్లాడినప్పుడు నువ్వే చెప్పిన సంగతులు తీసుకుని ఇలా మార్చి చూశాను: ‘అట్టపెట్టెల తయారీ యూనిట్, 38 మంది సిబ్బంది. అమ్మకాల్లో సగానికి పైగా ఒక్క కస్టమర్ మీదే ఆధారపడి ఉండగా, మూడేళ్లలో ఆ వాటాను పాతిక శాతానికి తగ్గించాను. కొత్త డై కటింగ్ యంత్రానికి బ్యాంకు రుణం సంప్రదింపులు స్వయంగా జరిపాను.’ ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, కానీ చదివినవారికి నీ వ్యాపారం పరిమాణమూ తెలుస్తుంది, అందులో ఉన్న ప్రమాదాన్ని నువ్వు ముందుగా చూశావనీ తెలుస్తుంది. పైగా ప్రతి మాటకూ నీ ఆఫీసులో ఒక కాగితం ఉంది. ఇచ్చే అంకెలు ఆడిట్ అయిన లెక్కల్లోవే కావాలి. ఈ ఏడాది ఇంకా ఆడిట్ పూర్తికాకపోతే ‘అంచనా’ అని పక్కనే రాయి. మీ తమ్ముడు కూడా భాగస్వామే కనుక, అతను చేసినదేదో నువ్వు చేసినదేదో విడదీసి చెప్పు. ‘మేము’ అని రాసుకుంటూ పోయే వ్యాపారస్తులను చాలామందిని చూశాను. అది వినయమే కావచ్చు గానీ, ఆ ‘మేము’లో అభ్యర్థి ఎక్కడున్నారో చదివేవారికి అంతుపట్టదు. కస్టమర్ల పేర్లూ రేట్లూ మాత్రం ఎక్కడా రాయకు. రేపు నీ తరగతిలో పక్క కుర్చీలో కూర్చునేది నీ పోటీదారు కంపెనీ మనిషే కావచ్చు. శాతాలు ఇస్తే చాలు.

నీకు ఎక్కువ దిగులు రికమెండేషన్ లెటర్ల, అంటే ఆ సిఫారసు ఉత్తరాల గురించి కనుక అక్కడ కాస్త ఆగి రాస్తాను. పై అధికారి లేకపోవడం లోపమేమీ కాదు, కమిటీలకు ఇది కొత్త విషయమూ కాదు. వాళ్లకు కావలసింది నీ పనిని దగ్గరగా చూసినవారు, నీ మీద ఆధారపడి బతకనివారు. చాలా స్కూళ్లు వాడే ఉమ్మడి ఫారంలో ప్రధానంగా రెండు ప్రశ్నలుంటాయి. మీకు తెలిసిన ఇలాంటి పనిలోని ఇతర సమర్థులతో పోలిస్తే ఈ అభ్యర్థి ఎలాంటివారన్నది మొదటిది. ఈ అభ్యర్థికి మీరు చెప్పిన అతి ముఖ్యమైన దిద్దుబాటు ఏమిటి, విని ఏంచేశారన్నది రెండోది. యజమానులకు కష్టమయ్యేది ఈ రెండోదే. జీతం తీసుకునేవారు యజమానికి తప్పు చెప్పరు, చెప్పినా ఉత్తరంలో రాయరు. కాబట్టి, ‘నువ్వు చేసింది బాగాలేదు’ అని నీ ముఖం మీద అనగలిగిన స్థానంలో ఎవరున్నారో ఆలోచించు.

నాకైతే మీ పాత కస్టమర్ కంపెనీలో కొనుగోళ్ల విభాగం పెద్ద గుర్తుకొస్తున్నారు. వర్షాకాలంలో పంపిన లోడులో పెట్టెలు తేమకు మెత్తబడి, ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు కింది వరుస నలిగిపోయిందని మొత్తం సరుకు వాపసు పంపింది ఆయనే కదా. ఆ తరువాతే నువ్వు తేమ కొలిచే మీటరు కొని, లారీ ఎక్కించే ముందు ప్రతి బ్యాచ్ రీడింగూ రాసే రిజిస్టరు పెట్టావు, ఆయన ఆర్డర్లు తిరిగి మొదలుపెట్టారు. ఆ రెండో ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు నీకెక్కడ దొరుకుతుంది? రెండో ఉత్తరానికి నీ రుణం ఫైలు చూసిన బ్యాంకు మేనేజరునుగానీ, వ్యాపారం పెట్టకముందు నువ్వు ఉద్యోగం చేసినచోటి పై అధికారినిగానీ అడుగు. నీ కంపెనీలో పెట్టుబడి పెట్టినవారో, బోర్డులో కూర్చునే బయటివారో ఉంటే వారూ మంచివారే. ఆడిటరుకు నీ లెక్కలు తెలుసు గానీ నువ్వు మనుషులతో ఎలా పని చేయిస్తావో తెలియదు; పైగా ఆయన ఫీజు ఇచ్చేది నువ్వే. అందుకే ఆయనను చివరికి ఉంచు. బంధువులు వద్దు. నిన్ను ఒక్కసారి సభలో చూసిన ప్రముఖుడి లెటర్‌హెడ్డూ వద్దు. అది చదివేవారికి నీ పలుకుబడి తెలుస్తుందే తప్ప పని తెలియదు.

అడిగినవారు మొహమాటానికి ‘నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను’ అంటారు. ఒప్పుకోకు. అది స్కూళ్ల నియమాలకు విరుద్ధం, మీదుమిక్కిలి నీ వ్యాసంలోని వాక్యాల తీరే ఆ ఉత్తరంలోనూ కనిపిస్తే ఇట్టే పట్టేస్తారు. దానికి బదులు వారితో అరగంట కూర్చుని, ఏ సంఘటనలు ఎప్పుడు జరిగాయో ఒక పేజీలో గుర్తుచేసి, గడువు తేదీ పైన రాసి ఇవ్వు.

వ్యాసాల్లో ఏ రూపంలో అడిగినా అసలు ప్రశ్న ఒకటే: చేతిలో వ్యాపారం ఉండగా చదువెందుకు? పరిచయాలు పెరుగుతాయని, వ్యాపారాన్ని మరో మెట్టు ఎక్కించాలని అందరూ రాస్తారు. నీ ముందు ఇప్పుడు ఏ నిర్ణయం ఉందో, దాన్ని తీసుకోవడానికి నీకు ఏం తెలియడం లేదో రాయి. రెండో యూనిట్ పెట్టాలా, ఉన్నదాంట్లోనే మూడో షిఫ్టు నడపాలా అని నువ్వు ఏడాదిగా తర్జనభర్జన పడుతున్నావు. ఆర్డరు వారీగా అసలు ఖర్చు ఎంతవుతోందో నీ దగ్గర లెక్క లేనందువల్లే అది తెగడం లేదు. ఆ మాట అలాగే రాసి, వాళ్ల పాఠ్యప్రణాళికలో కాస్ట్ అకౌంటింగ్, ఆపరేషన్స్ సబ్జెక్టుల్లో ఏవి దానికి పనికొస్తాయో చెప్పు. తెలియదని ఒప్పుకుంటే చులకనవుతానేమోనని యజమానులు భయపడతారు. అన్నీ తెలిసినవారికి సీటు దేనికని అటువైపు కూర్చున్నవారు అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ప్రవేశ పరీక్ష గురించి క్లుప్తంగా చెబుతాను. ఇప్పటి జీమ్యాట్ రెండుంపావు గంటల పరీక్ష, క్వాంటిటేటివ్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ అని మూడు భాగాలు, స్కోరు 205 నుంచి 805 దాకా. మీ అన్నయ్య దగ్గరున్న పాత పుస్తకాలు 200 నుంచి 800 స్కోరు కాలం నాటివి. ఆ పరీక్ష 2024 జనవరితో ఆగిపోయింది కనుక వాటిని పక్కన పెట్టు. అనుభవజ్ఞుల కోసం 2016లో మొదలైన ఎగ్జిక్యూటివ్ అసెస్‌మెంట్ గంటన్నరలో 40 ప్రశ్నలతో ముగుస్తుంది; నువ్వు ఎంచుకున్న స్కూలు దాన్ని అంగీకరిస్తే అదే రాయి, సన్నద్ధతకు తక్కువ సమయం పడుతుంది. కొన్నిచోట్ల అనుభవాన్ని బట్టి పరీక్ష మినహాయిస్తారు. నీ డిగ్రీలో లెక్కల మార్కులు అంతంతమాత్రమని నాకు తెలుసు కాబట్టి, మినహాయింపు దొరికినా పరీక్ష రాయమనే అంటాను. నీ గురించి నువ్వు కాక వేరేవాళ్లు చెప్పే మాటల్లో ఇంత సులువుగా సంపాదించుకోగలిగేది మరొకటి లేదు.

అసలు కీలకం సమయం. తరగతులు కాక చదువుకూ గ్రూప్ అసైన్‌మెంట్లకూ కలిపి వారానికి 15 నుంచి 20 గంటలు పెట్టుకోవాలి. ఉద్యోగస్తులను కంపెనీ నుంచి సమ్మతి లేఖ తెమ్మనే కోర్సులున్నాయి; నీకు ఆ లేఖ మీ తమ్ముడు ఇవ్వాలి, అందులో ఏ రోజుల్లో ఏ పనులు తను చూసుకుంటాడో పేరు పేరునా ఉండాలి. ఇంటర్వ్యూల్లో నేను తరచు ఒక ప్రశ్న వేసేవాణ్ణి: పరీక్ష రోజునే పెద్ద యంత్రం ఆగిపోతే ఏంచేస్తారు? ‘నేను లేకుండా మా దగ్గర ఏ పనీ సాగదండీ’ అని గర్వంగా చెప్పినవారు ఉన్నారు. ఆ జవాబుతో సీటు చెయ్యి జారేది, ఎందుకంటే అలాంటివారు మొదటి సీజనులోనే తరగతులు ఎగ్గొడతారు, వారితో గ్రూపులో ఉన్న నలుగురు ఇబ్బంది పడతారు. అందుకని దరఖాస్తుకు మూడు నెలల ముందునుంచే, తరగతులు ఉండబోయే సాయంత్రాల్లో ఆఫీసు నుంచి బయటికి వచ్చేసి ఫోను కట్టేయి. చెక్కుల మీద రెండో సంతకం ఎవరిదో, మరమ్మతు మెకానిక్కును పిలిచే అధికారం ఎవరిదో, ఎంత మొత్తం దాకా నిన్ను అడగకుండా ఖర్చు పెట్టవచ్చో కాగితం మీద పెట్టు. మొదట్లో కొన్ని పనులు అటూఇటూ అవుతాయి, కానివ్వు. ఏవి ఆగాయో, ఎలా సర్దావో రాసి ఉంచుకుంటే ఇంటర్వ్యూలో ఊహించి చెప్పే అవసరం ఉండదు.

ఫీజు సంగతి నీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, వ్యాపారం రోజువారీగా నడవడానికి ఉంచే వర్కింగ్ క్యాపిటల్‌లోంచి మాత్రం తీయకు. కంపెనీ ఖాతాలోంచి కట్టవచ్చా, పన్ను లెక్కల్లో అది ఎలా చూపాలి అన్నది కట్టాక కాదు, కట్టకముందే ఆడిటరును అడుగు. విద్యారుణం ఆలోచన ఉంటే బ్యాంకు చూసేది నీ వ్యక్తిగత ఆదాయపు రిటర్నులనే. లాభమంతా కంపెనీలోనే ఉంచి, నీ జీతం నామమాత్రంగా చూపుతూ వచ్చావు కదా, ఆ మేరకు రుణమూ తగ్గవచ్చు.

దరఖాస్తులు రెండు రౌండ్లుగా తీసుకుంటే మొదటిదానికే ప్రయత్నించు, కానీ మూడు నెలల ఆ రిహార్సల్ కాకుండా తొందరపడవద్దు. అవసరమైతే రెండో రౌండుకే వెళ్లు. డిగ్రీ ట్రాన్‌స్క్రిప్టు కోసం విశ్వవిద్యాలయానికి ఈ వారమే దరఖాస్తు పెట్టు, అన్నిటికంటే ఆలస్యంగా చేతికొచ్చేది అదే. కొనుగోళ్ల పెద్దాయనను అడగడానికి ఫోను చాలదు, స్వయంగా వెళ్లు, వెళ్లేటప్పుడు ఆ తేమ రిజిస్టరు వెంట తీసుకెళ్లు. రెజ్యూమే తిరగరాసి నాకు పంపు. అది కుదిరాకే వ్యాసాలు చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న