ఖరీదైన యూఎస్‌బీ కేబుల్ వేస్తే రికార్డింగ్ క్వాలిటీ పెరుగుతుందా?

ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే బాక్సు) నాలుగు వేల రూపాయల యూఎస్‌బీ కేబుల్ వేస్తే గొంతు ఇంకా క్లియర్‌గా వస్తుందని షాపులో చెప్పారట, నిజమేనా అని అడిగారు. కాదండి. ఆ డబ్బుతో మంచి మైక్ స్టాండు, పాప్ ఫిల్టర్ (మైక్ ముందు పెట్టే జాలీ) కొనుక్కోండి, తేడా ఆ రోజే వినిపిస్తుంది.

మీ గొంతు ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లగానే అంకెలుగా మారిపోతుంది. అక్కణ్ణుంచి కేబుల్ మోసేది ఆ అంకెలనే. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకి సెకనుకి దాదాపు 2.3 మెగాబిట్లు చాలు; యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు. కేబుల్ నిజంగా పాడైతే టప్ టప్‌మని క్లిక్కులు వస్తాయి, మధ్యలో సౌండ్ ఆగిపోతుంది, లేదా ఇంటర్‌ఫేస్ డిస్‌కనెక్ట్ అవుతుంది. అంతేగానీ గొంతు మసకబారడం, ట్రెబుల్ తగ్గడం ఉండదు.

నేను దీన్ని ఎస్‌పీడీఐఎఫ్ మీద పరీక్షించి చూశాను. అది కూడా పరికరాల మధ్య ఆడియోని అంకెలుగానే పంపే ఇంకో రకం కనెక్షన్. పాత డీవీడీ ప్లేయర్ వైర్లలో పసుపు పచ్చది తీసుకున్నా. ఆ వైరు వీడియోది, 75 ఓమ్‌లది. ఎస్‌పీడీఐఎఫ్‌కి కావలసిందీ అదే. ఇంటర్‌ఫేస్ డిజిటల్ అవుట్ నుంచి ఇన్‌కి అది తగిలించి, ఒక వేవ్ ఫైలు ప్లే చేస్తూ తిరిగి రికార్డ్ చేశాను. ఫేడర్లు సున్నా దగ్గర, డిథర్ (సన్నని రొద కలిపే సెట్టింగ్) ఆఫ్. రికార్డయిన ట్రాక్‌ని ఒరిజినల్‌తో శాంపిల్‌కి శాంపిల్ సరిపెట్టి, ఫేజ్ తిరగేసి (రెండూ ఒకేలా ఉంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి) కలిపి ప్లే చేస్తే మీటర్ ఉలకలేదు, పలకలేదు. ఫ్రెండ్ దగ్గరున్న ఖరీదైన కేబుల్ వేసినా అంతే. తేడా సున్నా అయ్యాక ఇక మెరుగయ్యేదేముంది?

అసలు తలనొప్పి హమ్, అంటే గుయ్‌మనే రొద. యూఎస్‌బీ కేబుల్‌లో డేటాతో పాటు 5 వోల్టుల కరెంటు, గ్రౌండ్ కూడా ఉంటాయి. ల్యాప్‌టాప్ చార్జర్ ఒక గోడకి, స్పీకర్లు ఇంకో గోడకి పెడితే గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి చుట్టులా మారడం) ఏర్పడి గుయ్‌మనొచ్చు, మౌస్ కదిపితే కీచుమనొచ్చు. ఒకసారి చార్జర్ పీకి చూడండి. రొద ఆగితే దోషం అక్కడే. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టి, స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (దారిలో కలిసే రొదని రద్దు చేసేవి) వేస్తే చాలావరకు పోతుంది. ఎర్త్ పిన్ తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినొద్దు, షాక్ కొట్టొచ్చు. ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లేది వెలుగు కాబట్టి దానికి ఈ లూప్ గొడవ లేదు.

ప్రీయాంప్‌ని (మైక్ సిగ్నల్‌ని పెంచే బాక్సు) ఎస్‌పీడీఐఎఫ్‌తోనో, అలాంటిదే అయిన ఏడాట్ అనే డిజిటల్ కనెక్షన్‌తోనో ఇంటర్‌ఫేస్‌కి కలిపినప్పుడు క్లిక్కులొస్తే, కేబుల్ కన్నా ముందు క్లాక్ సెట్టింగ్ చూడండి. రెండు బాక్సులూ ఇంటర్నల్‌లో ఉంటే, అంటే దేని టైమింగ్ దానిదే అయితే, ఎంత ఖరీదైన కేబుల్ వేసినా క్లిక్కులు పోవు.

ఇక కొనేటప్పుడు చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది కాకుండా డేటా కేబుల్ అడగండి. రెండు మీటర్ల లోపు ఉండాలి, పోర్టులో వదులుగా ఆడకూడదు. హబ్ లేకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి.