పిల్లలతో ‘ఢాం’ ప్రయోగాలు: ముందు మూత సంగతి చూడండి

మీ ఏడేళ్ల బాబు, పదేళ్ల పాప వీడియోలు చూసి ‘ఏదైనా పేల్చే ప్రయోగం చేద్దాం’ అని వెంటపడుతున్నారని, టెన్షన్ లేకుండా ఇంట్లో చేయించేవి ఏమున్నాయని అడిగారు. సెలవు రోజుల్లో మా పిల్లలు, వాళ్ల స్నేహితులు కలిసి నాతో చేయించే పని ఇదే. కాబట్టి చేసి చూసినవే రాస్తున్నాను.

చాలామంది ‘ఏ కెమికల్ సేఫ్?’ అని మొదలుపెడతారు. నేనైతే ముందు డబ్బా చూస్తాను, దాని మూత చూస్తాను. వంటసోడా, వెనిగర్ రెండూ వంటింట్లోవే. అయినా వాటిని గాజు సీసాలో పోసి మర మూత బిగించారంటే ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం. అవే రెండూ పల్చటి జిప్‌లాక్ కవర్లో వేస్తే ‘ఠప్’మని పేలి, నాలుగు చుక్కలు చింది, అందరూ పగలబడి నవ్వుతారు. లోపల గ్యాస్ పుడుతూ ఉంటుంది, పోవడానికి దారి ఉండదు, ఒత్తిడి పెరిగి ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఆ తెగే చోటు ఎంత బలహీనంగా ఉంటే మనకు అంత మంచిది. వీడియోల్లో మీకు ఏది కనిపించినా ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది తక్కువ ఒత్తిడికే తెరుచుకుంటుందా, లేక గట్టిగా పట్టుకుని కూర్చుంటుందా?

మీ ఇద్దరు పిల్లలకూ ముందు ఈ కవర్ ప్రయోగమే పెట్టండి. ఒక టీస్పూన్ వంటసోడాను టిష్యూ పేపర్లో పొట్లం కట్టండి. చిన్న జిప్‌లాక్ కవర్లో అర కప్పు వెనిగర్ పోయండి. పొట్లాన్ని పై నుంచి కవర్ మీదుగానే వేళ్లతో పట్టుకుని, జిప్ పూర్తిగా మూసి, అప్పుడు వదిలేసి కవర్ ఊపి నేల మీద పెట్టి వెనక్కి జరగాలి. టిష్యూ నానేదాకా ఏమీ కాదు. ఆ కాస్త ఆలస్యం కోసమే పొట్లం. తర్వాత బుసబుసలు మొదలవుతాయి, కవర్ ఉబ్బుతుంది, మూలలు దిండు మూలల్లా బిగుసుకుంటాయి. పెద్దవాళ్లు చెవులు మూసుకోకపోయినా చిన్నవాళ్లు తప్పకుండా మూసుకుంటారు. అయ్యాక ఆ కవర్ ముట్టుకోమనండి, చల్లగా తగులుతుంది. ఈ చర్య చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది మరి. పేలిందంటే వేడెక్కిందనే అనుకుంటారు పిల్లలు, అందుకే ఈ చల్లదనం దగ్గర వాళ్ల మొహాలు చూడాలి.

మీ పాపకు లెక్కలంటే ఇష్టమైతే ఇది కూడా చెప్పండి. టీస్పూన్ వంటసోడా సుమారు 5 గ్రాములు. అదంతా పనిచేస్తే దాదాపు 1.4 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందుకు 5 శాతం వెనిగర్ 70 మిల్లీలీటర్లకు కొంచెం పైగా కావాలి. అర లీటరు కవర్ ఎందుకు పేలుతుందో, పెద్ద కవర్ ఎందుకు ఊరికే ఉబ్బి ఊరుకుంటుందో తనే చెప్పేస్తుంది. అన్నట్టు, బేకింగ్ పౌడర్ వేరు, బేకింగ్ సోడా (అంటే మన వంటసోడా) వేరు. పౌడర్‌లో ఆమ్లం ముందే కలిపి ఉంటుంది, సోడా భాగం తక్కువ. దానితో చేస్తే నీరసంగా బుడగలొచ్చి ఆగిపోతుంది.

రెండోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, మాత్ర రాకెట్. నీళ్లలో వేస్తే బుసబుసమని కరిగే విటమిన్ సి మాత్రలుంటాయి కదా, వాటిలో సోడా పొడి, సిట్రిక్ ఆమ్లం పక్కపక్కనే ఉంటాయి. పొడిగా ఉన్నంతసేపు ఒకదాని జోలికి ఒకటి పోదు, నీళ్లు తగలగానే మొదలుపెడతాయి. నొక్కితే టిక్‌మని బిగుసుకునే మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా కావాలి. పాత కెమెరా రీలు డబ్బా దొరికితే అంతకంటే మంచిది లేదు. మర మూత డబ్బా మాత్రం వద్దు. డబ్బాలో మూడో వంతు నీళ్లు పోసి, అర మాత్రను పిల్లలు ఆడుకునే మెత్తటి క్లేతో మూత లోపలికి అంటించండి. మూత నొక్కి, తలకిందులు చేసి గట్టి నేల మీద నిలబెట్టి, నాలుగు పెద్ద అడుగులు వెనక్కి వేయాలి. మూత నేల మీదే ఉండిపోతుంది, డబ్బా పైకి ఎగురుతుంది. పైన కప్పు ఉన్న చోట వద్దు, ఆరుబయట చేయండి.

ఇందులో అసలు ప్రమాదం పేలినప్పుడు కాదు, పేలనప్పుడు. ‘ఏంటి ఇంకా లేవలేదు’ అంటూ మీ బాబు వంగి డబ్బా మీదకు మొహం పెడతాడు, సరిగ్గా అప్పుడే అది లేస్తుంది. అందుకే మా దగ్గర ఒకటే కఠినమైన రూలు: లేవని రాకెట్ దగ్గరికి పిల్లలు వెళ్లరు. పెద్దవాళ్లు ఒక నిమిషం పైగా ఆగి, పక్క నుంచి వెళ్లి, మొహం దూరంగా పెట్టి, మూత మనుషుల వైపు లేకుండా తిప్పి తెరవాలి. కళ్లజోడు సంగతి కూడా ఇక్కడే చెబుతున్నాను. పక్కలు కూడా మూసి ఉండే సేఫ్టీ గాగుల్స్ అందరికీ, మీకు కూడా. మీరు పెట్టుకోకపోతే వాళ్లు పెట్టుకోరు.

ఒకసారి ఎగిరాక ‘మళ్లీ, మళ్లీ’ అంటారు. అప్పుడు ఊరికే మళ్లీ చేయకుండా ఒక్కటే మార్చండి. ఒకదానిలో చల్లటి నీళ్లు, ఒకదానిలో మామూలు నీళ్లు, ఒకదానిలో గోరువెచ్చటివి. ఏది ముందు లేస్తుందో ముందే పందెం కట్టించి, అంకెలు లెక్కపెట్టమనండి. గోరువెచ్చటి నీళ్లదే గెలుపు. తర్వాత మాత్రను ముక్కలు చేసి చూడమనండి, నీళ్లు పెంచి తగ్గించి చూడమనండి. ఏది ఎక్కువ ఎత్తు ఎగురుతుందో మీరు చెప్పకండి. వాళ్లు కొట్టుకుని తేల్చుకుంటారు.

ఏనుగు టూత్‌పేస్ట్ (సీసాలోంచి లావాటి నురగ బయటికొచ్చే ప్రయోగం) గురించి జాగ్రత్తగా చదవండి. ఇక్కడే వీడియోలు మోసం చేస్తాయి. నురగ స్తంభంలా పైకి తన్నుకొచ్చేది సాధారణంగా 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో. అది చర్మాన్ని కాల్చేస్తుంది, ఇంట్లోకి రానివ్వకండి. మందుల షాపులో దొరికే 3 శాతానిది చాలు. సన్నటి మెడ ఉన్న ప్లాస్టిక్ సీసాలో అర కప్పు పెరాక్సైడ్, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్, ఇష్టమైన రంగు వేయండి. విడిగా గోరువెచ్చటి నీళ్లలో ఈస్ట్ కలిపి, అందులో పోసి పక్కకు జరగండి. ఈస్ట్‌లో ఉండే కెటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ని నీళ్లు, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. అర కప్పు నుంచి లీటరుకు పైగా ఆక్సిజన్ వస్తుంది, సబ్బు దాన్ని నురగగా పట్టుకుంటుంది. ఆకాశానికేమీ ఎగరదు, లావుగా, బద్ధకంగా సీసా అంచు మీద నుంచి జారుతుంది. ముందే చెప్పకపోతే పిల్లలు నిరాశపడతారు. గాయం మీద పెరాక్సైడ్ వేస్తే నురగ వచ్చేదీ ఈ ఎంజైమ్ వల్లే, అది మన రక్తంలోనూ ఉంది. పచ్చి బంగాళదుంప ముక్క మీద పోసినా వస్తుంది. పెరాక్సైడ్ పోసే పని మాత్రం పెద్దవాళ్లదే.

డైట్ కోలా సీసాలో మెంటోస్ బిళ్లలు వేస్తే పైకి చిమ్మే ఫౌంటెన్ మీకు తెలిసే ఉంటుంది. అందులో రసాయన చర్యేమీ లేదు. కోలాలో ముందే కరిగి ఉన్న గ్యాస్‌కి, మెంటోస్ బిళ్ల ఉపరితలంలోని సూక్ష్మమైన గుంటలు బుడగ కట్టుకునే చోట్లవుతాయి. బిళ్ల త్వరగా అడుగుకు మునుగుతుంది కాబట్టి బుడగలన్నీ కిందే పుట్టి పైనున్న కోలానంతా తోసేస్తాయి. టాన్యా కాఫీ అనే భౌతికశాస్త్రవేత్త 2008లో దీన్ని కొలిచి రాశారు. తీపి కోసం కలిపే ఆస్పార్టేమ్ కూడా బుడగలకు తోడ్పడుతుందని అందులో ఉంది. మనకు డైట్ కోలాతో ఇంకో లాభం, తుడిచాక జిగట ఉండదు. బిళ్లలు వేశాక సీసా మీద మూత పెట్టాలని పిల్లలకు బుద్ధి పుడుతుంది, చూసుకోండి.

వద్దే వద్దన్నవి: మూసిన సీసాలో డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్), డ్రైనేజీ క్లీనర్‌లో అల్యూమినియం ఫాయిల్, అగ్గిపుల్లల తలలు గీకి పోగుచేయడం, టపాకాయల మందు విప్పడం. ‘కొంచెమే కదా’ అని కూడా వద్దు. అన్నిటికంటే నాకు భయం వేసేది మాత్రం, పిల్లలు ఉత్సాహం ఎక్కువై బాత్రూంలో కనిపించినవన్నీ కలిపి చూడటం. బ్లీచ్‌లో వెనిగర్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కాబట్టి ప్రయోగానికి కావాల్సినవి ముందే ఒక ట్రేలో పెట్టి, ‘ఈ ట్రేలో లేనిది కలపకూడదు’ అని చెప్పేయండి. మా వాళ్లకు ఇది బాగా పనిచేసింది, ఏదైనా కొత్తది కలపాలంటే ముందు వచ్చి అడుగుతారు.

చివర్లో శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. ఈ మిగుళ్లన్నీ నీళ్లు పోసి సింక్‌లో వదిలేయొచ్చు. మిగిలిన పెరాక్సైడ్‌ని మాత్రం వేరే సీసాలోకి మార్చకుండా, అది వచ్చిన సీసాలోనే చిన్నవాడికి అందని ఎత్తులో పెట్టండి.