చదును పొలానికి 89 డిగ్రీల వాలా?

ప్రశ్న: క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఎస్ఆర్‌టీఎమ్ (అంతరిక్షం నుంచి కొలిచిన నేల ఎత్తుల డేటా) ఫైలు వేసి వాలు లెక్క తీస్తే, చదునైన పొలాలకు కూడా 89 డిగ్రీలు చూపిస్తోంది. డేటా పాడైందా?

జవాబు: డేటా బాగానే ఉందండి, తేడా కొలతల్లో ఉంది. ఆ ఫైలులో దూరాలు అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో, ఎత్తు మాత్రం మీటర్లలో ఉంటాయి. ఒక డిగ్రీ అంటే భూమధ్యరేఖ దగ్గర దాదాపు 111 కిలోమీటర్లు, సాఫ్ట్‌వేర్ పాపం దాన్ని 1 మీటరు అనుకుని లెక్కేస్తే పొలం గట్టు కూడా గోడైపోతుంది. ముందు ఫైలును మీ ప్రాంతపు యూటీఎమ్ జోన్‌లోకి (దూరాల్ని కూడా మీటర్లలో కొలిచే మ్యాపు పద్ధతి) మార్చి, తర్వాత వాలు తీయండి. త్రీడీ బొమ్మలో ఎత్తుపల్లాలు బాగా కనబడాలంటే ఎత్తును 3 రెట్లు సాగదీసుకోవచ్చు, అది కంటికే, లెక్కకు కాదు. ఇంకోటి, ఈ ఎస్ఆర్‌టీఎమ్ డేటా 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచింది, కాబట్టి ఆ తర్వాత తవ్విన క్వారీల్ని అందులో వెతక్కండి.