టెక్ సందేహాలు: రైడ్ టైమూ లంచ్ టైమూ ఒకేసారి వస్తే?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటామండీ. మార్చి నెలాఖర్లో అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకుని ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్తున్నాం. మా పాపకి ఆరేళ్ళు, ప్రిన్సెస్‌లతో కలిసి తినాలని ఒకటే గోల, అందుకని అక్కడి ఎప్‌కాట్ అనే పార్కులో ఆకెర్షుస్ అనే రెస్టారెంట్‌లో మధ్యాహ్నం 12:30కి టేబుల్ బుక్ చేశా. ఇప్పుడు పెద్ద క్యూలో నిలబడకుండా రైడ్ ఎక్కించే లైట్నింగ్ లేన్ పాస్ కొంటే రైడ్ కూడా అదే టైమ్‌కి వస్తుందేమో అని భయం. రెండూ కలిపి చూసుకునే యాప్ ఏదైనా ఉందా?

జవాబు: వేరే యాప్ ఏం అక్కర్లేదమ్మా, మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లోనే ప్లాన్స్ అని ఉంటుంది, అందులో టేబులూ రైడ్లూ రెండూ కనపడతాయి. అసలు తంటా యాప్‌తో కాదు. టేబుల్ బుకింగ్ 60 రోజుల ముందే తెరుస్తారు. మీరు చెప్పిన లైట్నింగ్ లేన్‌లో చాలా రైడ్లకి కలిపి ఇచ్చే మల్టీ పాస్ మాత్రం డిస్నీ హోటల్లో దిగేవాళ్ళకి చెక్ ఇన్‌కి 7 రోజుల ముందు, బయట హోటల్లో ఉంటే పార్కుకి వెళ్ళే రోజుకి 3 రోజుల ముందు తెరుస్తారు. అంటే ఫంక్షన్ హాల్ బుక్ చేసేసి ఆ తర్వాత పంతులుగారి దగ్గర ముహూర్తం పెట్టించుకోవడం అన్నమాట. ముహూర్తమే హాల్‌కి తగ్గట్టు జరగాలి ఇక.

జరుగుతుంది కూడా. టేబుల్‌కి 15 నిమిషాలకి మించి ఆలస్యమైతే మీ అదృష్టం, కానీ రైడ్‌కి గంట విండో ఇస్తారు, ఆ గంటలో ఎప్పుడెళ్ళినా పర్లేదు, పైగా ఖాళీ ఉంటే ఎన్నిసార్లైనా టైమ్ మార్చుకోవచ్చు, డబ్బులేం తీసుకోరు. కాబట్టి 12:30ని కదపకండి, రైడ్లనే దాని చుట్టూ సర్దండి. రైడ్ల బుకింగ్ పొద్దున 7కి ఓపెన్ అవుతుంది, అది ఫ్లోరిడా టైమ్, మీకు 6. ముందుగా మూడు రైడ్లు పెట్టుకోవచ్చు, ఎప్‌కాట్‌లో పెద్ద రైడ్ల గ్రూపులోంచి మాత్రం ఒక్కటే ఇస్తారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, విండో 11:30 నుంచి 12:30 అని ఉంటే లంచ్‌కి తగల్లేదు కదా అనుకుని 12:15కి తీరిగ్గా వెళ్ళడం. అది లోపలికి వెళ్ళడానికి ఆఖరు టైమ్ అండీ, బయటకొచ్చే టైమ్ కాదు. లోపల కాసేపు నిలబడాలి, రైడ్ ఎక్కాలి, దిగాలి, పాపకి బాత్రూం, ఆ తర్వాత నడక. ఎప్‌కాట్‌లో ఆ దేశాల సెక్షన్ చెరువు చుట్టూ ఒక రౌండ్ కొడితేనే 1.2 మైళ్ళు, మామయ్యగారి మోకాళ్ళు కూడా లెక్కలో వేసుకోండి. మీకు కలిసొచ్చేది ఏంటంటే ఆకెర్షుస్ ఉన్నది ఆ దేశాల సెక్షన్‌లోనే, నార్వే పెవిలియన్‌లో, ఫ్రోజెన్ రైడ్ కూడా అక్కడే. ఆ పెద్ద రైడ్ కోటా ఫ్రోజెన్‌కే వాడేసి 2 తర్వాత పెట్టుకుంటే తినేసి నాలుగడుగులు వేస్తే చాలు. టెస్ట్ ట్రాక్ లాంటివి పార్కు ముందు వైపు ఉంటాయి, వాటిని లంచ్‌కి ముందు గంటలో అస్సలు పెట్టొద్దు.

ఇంకో కిటుకు. మొదటి రైడ్ దగ్గర మీ పాస్ స్కాన్ అవ్వగానే నాలుగోది బుక్ చేసుకోవచ్చు. అందుకని మొదటిది వీలైనంత పొద్దున్నే పెట్టుకుని, స్కాన్ అవ్వగానే అక్కడే నిలబడి ఇంకోటి పట్టేయండి. అది రెండు గంటల తర్వాత టైమ్ ఇచ్చినా మీకు నష్టం లేదు, మధ్యలో ఎలాగూ కూర్చుని తింటున్నారు కదా. లంచ్ టైమ్ దండగ అనుకుంటారు గానీ నా దృష్టిలో రైడ్ కోసం ఎదురుచూడ్డానికి అంతకన్నా మంచి చోటు లేదు, ఏసీ కూడా ఉంటుంది. మీ టైమ్‌కి రైడే ఆగిపోయిందనుకోండి, ఆ పాస్ తర్వాత వాడుకునేలా మారిపోతుంది, దాని ముందు కాపలా కాయకుండా హాయిగా వెళ్ళి తినండి. ఒకవేళ టేబులే మార్చాల్సి వస్తే మాడిఫైలో కొత్త టైమ్ వెతకండి. చాలా రెస్టారెంట్లలో 2 గంటల ముందు దాకా క్యాన్సిల్ చేయొచ్చు, చెప్పకుండా ఎగ్గొడితే మనిషికి 10 డాలర్లు.

ఇక అసలు టెక్ విషయం. ఈ టైమ్‌లని ఫోన్ క్యాలెండర్‌లో మీరే టైప్ చేసుకుంటే, డల్లాస్‌లో కూర్చుని కొట్టిన 12:30 ఓర్లాండోలో దిగాక 1:30 అని చూపిస్తుంది, ఎందుకంటే క్యాలెండర్ దాన్ని డల్లాస్ టైమ్ అనుకుంది. నేను హైదరాబాద్‌లో కూర్చుని సింగపూర్ ట్రిప్‌కి ఒంటిగంటకి భోజనం అని పెట్టుకుంటే అక్కడ దిగాక 3:30 అని చూపించింది, ఆ రోజు ఇంట్లో నన్నేమన్నారో ఇక్కడ రాయను. ఈవెంట్ పెట్టేటప్పుడు టైమ్ జోన్ అని ఉంటుంది, ఈస్టర్న్ ఎంచుకోండి. అలారంతో ఈ గొడవ లేదు, ఫోన్ ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి టైమ్‌కే మోగుతుంది. అందరి టికెట్లూ మీ అకౌంట్‌కి ముందే లింక్ చేసుకుంటే బుకింగులన్నీ మీ ఒక్క ఫోన్లోంచే అయిపోతాయి. దానికి పవర్ బ్యాంక్ మర్చిపోకండి, ఆ యాప్ రోజంతా వాడితే సాయంత్రానికి బ్యాటరీ ఉండదు.

ప్రశ్న: మాది విజయవాడ. డిసెంబర్‌లో మేమూ అక్కడికే వెళ్తున్నాం. ఇక్కణ్ణించి బుక్ చేస్తుంటే కార్డు తీసుకోవట్లేదు. మంచి రెస్టారెంట్లన్నీ నిండిపోయాయి కూడా. ఏం చేయాలి?

జవాబు: ముందు మీ బ్యాంక్ యాప్‌లో కార్డ్ సెట్టింగ్స్ తెరిచి ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ ట్రాన్సాక్షన్స్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. 2020 నుంచి ఆర్‌బీఐ రూల్ ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది, మనమే ఆన్ చేసుకోవాలి, లిమిట్ కూడా అక్కడే పెంచుకోవాలి. రైడ్ల బుకింగ్ డిసెంబర్‌లో మీకు సాయంత్రం 5:30కి తెరుస్తారు. అదే అమెరికాలో గడియారం ముందుకి జరిపే ఎండాకాలంలో అయితే 4:30. అక్కడికి వెళ్ళాక ఓటీపీలు రావాలంటే ఇక్కడి సిమ్‌లో రోమింగ్ ఉండాలి.

టేబుల్ దొరకలేదని దిగులు పడకండి. కౌంటర్ రెస్టారెంట్లలో మొబైల్ ఆర్డర్ ఉంటుంది. పొద్దున్నే ఐటమ్స్ ఎంచుకుని ఒక టైమ్ పెట్టుకుంటే చాలు, దగ్గరకొచ్చి వచ్చేశాం అని నొక్కేదాకా వంట మొదలుపెట్టరు, రైడ్ లేటయినా భోజనం చల్లారిపోదు. నన్నడిగితే రైడ్లే ముఖ్యం అనుకునే రోజు ఇదే బెస్టు. అయితే 11 లోపే ఆర్డర్ పెట్టేయండి, 12 దాటాక వెతికితే ఖాళీ టైమ్ 2కో 2:30కో చూపిస్తే పిల్లలు ఊరుకోరు.