బొమ్మల సినిమాలు, వాడుక తప్పిన మాటలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఫ్రెంచి యానిమేషన్ సినిమాలు చూడాలనీ, ఇంగ్లీషులో వాడుక తప్పిన పాతమాటలు పోగుచేయాలనీ ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. రెండింటికీ నేను చెప్పేది ఒక్కటే: అర్థం కోసం తొందరపడకు.

ముందు ఎమీల్ కోల్ 1908లో తీసిన 'ఫాంటాస్మగోరీ' చూడు. సుమారు 700 బొమ్మలు గీసి తీసిన ఆ చిత్రం రెండు నిమిషాలైనా ఉండదు. కాగితం మీద నల్లగా గీసిన గీతలను నెగెటివ్‌గా చూపడం వల్ల అవి నల్లబల్ల మీద సుద్దగీతల్లా కనిపిస్తాయి. ఒక ఆకారం మరొకటిగా ఎక్కడ మారిందో పట్టుకోవడానికే రెండోసారి చూడవలసి వస్తుంది. ఆ తరవాత సిల్వాఁ షోమే 2003లో తీసిన 'ట్రిప్లెట్స్ ఆఫ్ బెల్‌విల్' చూడు. అందులో సంభాషణలు దాదాపు లేవు. ముగ్గురు ముసలి గాయనులు వార్తాపత్రికనూ, ఫ్రిజ్ అరనూ, వాక్యూమ్ క్లీనర్‌నూ వాద్యాలుగా వాయిస్తుంటే, మనవణ్ణి వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చిన అవ్వ సైకిలు చక్రపు ఊచలతో వాళ్లకు జత కలుపుతుంది. ఆ ఘట్టాన్ని ఒకసారి కళ్లు మూసుకుని విను. మాటలున్న సినిమాలనైనా మొదటిసారి సబ్‌టైటిళ్లు తీసేసే చూడు; కింది అక్షరాల మీద పడ్డ కన్ను ఒక పట్టాన పైకి లేవదు.

పాతమాటల విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎల్లుండికి 'ఓవర్‌మారో' అనే మాట ఉండేదని తెలిసి మురిసిపోయి, సెలవు చీటీలో అదే రాశాను. మా అధికారి దాని కింద ఎర్రసిరాతో గీత గీసి, తేదీ వేసుకురమ్మని తిప్పి పంపారు. నిజానికి ఇలాంటి మాటల రుచి మనకు తొందరగానే అందుతుంది. నేటి ఇంగ్లీషుకు నాలుగు మాటలు పట్టే ఎల్లుండి మనకు ఒక్క మాటే; హిదర్, దిదర్, విదర్ అచ్చంగా మన ఇటు, అటు, ఎటు. ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద నిఘంటువులో అర్థం కన్నా దాని కింద ఇచ్చిన పాత వాక్యాలు ముందు చదువు, ఎందుకంటే మాట బతికిన చోటు అదే.

హెన్రీ కాక్‌రమ్ 1623 నాటి నిఘంటువులో 'అప్రిసిటీ' అనే మాట ఉంది, చలికాలపు ఎండలోని వెచ్చదనం అని. సంక్రాంతికి వచ్చినప్పుడు పొద్దున్నే మా పెరట్లో కుర్చీ వేయిస్తాను, దాని అర్థం అక్కడే రాసుకుందువుగాని.

ఇట్లు,
మీ పెదనాన్న