ముందు వెనకవైపు చూడు

చి. స్వాతికి,

రామేశ్వరం దగ్గరి మండపం ఊరు చేరిన మొదటిరోజే ఆక్టినోపైగా, అంటే సముద్ర దోసకాయ అనే మెత్తటి సముద్రజీవుల్లో ఒక రకం, దొరికిందని రాశావు. ఫొటో చూశాను. గోధుమరంగు ఒళ్లు, ఉబ్బిన వీపు, చదునైన అడుగు. ఇంతకే పేరు రాసేశావా? సముద్ర దోసకాయల దగ్గర రంగును నమ్ముకుంటే మునిగినట్టేనమ్మా.

ముందు దాని వెనకవైపు చూడు. నవ్వకు, పేరులోనే ఉంది: గ్రీకులో ఆక్టిస్ అంటే కిరణం, పైగె అంటే పిరుదు. నీళ్లలోనే ఉంచి, మలద్వారం దగ్గర చూపు నిలిపి కూర్చో. అది ఊపిరి తీసుకునేది అక్కడినుంచే. తెరుచుకున్నప్పుడల్లా అంచున ఐదు సున్నపు పళ్లు నక్షత్రంలా కనిపిస్తాయి. చేత్తో కెలికావంటే బిగుసుకుపోతుంది, మళ్లీ తెరిచేదాకా నీకు జపమే.

పళ్లు కనబడగానే ఎగిరి గంతేయకు. హోలోతూరియా అని సముద్ర దోసకాయల్లోనే ఇంకో రకం ఉంది. వాటిలో నల్ల టీట్‌ఫిష్ (పేరుకే ఫిష్, చేప కాదు) లాంటి కొన్నిటికీ చిన్న పళ్లుంటాయి. ఆ తగువు తీర్చేది సూక్ష్మదర్శినే. బియ్యపుగింజంత చర్మం స్లైడు మీద పెట్టి, బట్టలకు వాడే బ్లీచు ఒక చుక్క వెయ్యి. మెత్తటిదంతా కరిగి, సున్నపు ముక్కలు మిగులుతాయి. నీళ్లతో మెల్లగా కడిగి చూడు. ఆక్టినోపైగాలో ఉండేవి కడ్డీలు, రోజెట్లు అనే కొమ్మలు చీలిన చిన్న ముక్కలు, అంతే. హోలోతూరియాల్లో మామూలుగా కనిపించే టేబుళ్లు, అంటే చిల్లుల పళ్లెం మీద చిన్న గోపురం నిలబెట్టినట్టుండేవి, ఇందులో ఉండవు. ఒక్కటి కనబడినా రాసిన పేరు కొట్టెయ్. బోహాడ్షియా అనే మరో రకంలోనూ కడ్డీలు, రోజెట్లే ఉంటాయి కానీ దానికి పళ్లుండవు. పైగా విసిగిస్తే జిగురుదారాలు విసురుతుంది. వేళ్లకు అంటుకుంటే వదలవు, నాకు అనుభవమే.

ఇంకో అనుభవం కూడా చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నమూనాలన్నీ ఫార్మలిన్‌లో పడేసి, కొన్ని నెలల తర్వాత స్లైడ్లు చేశాను. ఒక్క కడ్డీ లేదు! ఫార్మలిన్‌లోని ఆమ్లం సున్నాన్ని తినేసింది. ఆ సీసాలు ఎవరికీ చూపించలేదు. నువ్వు 70 శాతం ఆల్కహాలే వాడు.

అన్నట్టు, సముద్ర దోసకాయలన్నీ 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వచ్చాయి. అక్కడి జాలర్లు 'కడల్ అట్టై', అంటే సముద్రపు జలగ, అంటూ తెచ్చిచ్చినా తీసుకోకు. పర్మిట్ చేతికొచ్చేదాకా చర్మం ముక్క కూడా కోయొద్దు.

ఈలోపు నీళ్లలో ఉన్నదాన్ని ఉన్నట్టే, తెరుచుకున్న క్షణంలో ఫొటో తీసి పంపు. ఐదు పళ్లూ లెక్కపెట్టుకుంటాను.

మీ పెదనాన్న