కొత్త కోర్సు మొదలుపెట్టే ముందు

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో శుభములు. బైబిలు కోర్సు పూర్తయిందనీ, 66 పుస్తకాల మీదా పరీక్షలు రాశావనీ, అయినా ప్రార్థనలో కూర్చుంటే లోపలంతా ఎండిపోయినట్టు ఉంటోందనీ రాశావు. తర్వాత ఏమి చదవాలని అడిగావు. ఇప్పుడప్పుడే కొత్తది ఏదీ మొదలుపెట్టకు, తల్లీ.

మత్తయి సువార్త 2వ అధ్యాయం నీకు తెలిసిందే. క్రీస్తు ఎక్కడ పుడతాడని హేరోదు రాజు అడిగితే ప్రధానయాజకులు, శాస్త్రులు తడుముకోలేదు. మీకా ప్రవచనం చూపించి బేత్లెహేము అన్నారు. యెరూషలేము నుంచి అక్కడికి సుమారు 9 కిలోమీటర్లు, ఒక పూట నడక కూడా కాదు. ఎక్కడో తూర్పు దేశం నుంచి వచ్చిన జ్ఞానులు ఆ దారిన వెళ్లారు. ఊరి పేరు చెప్పినవాళ్లలో ఒక్కరైనా వెంట వెళ్లినట్టు సువార్తలో లేదు. ఆ భాగం చదివినప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

ఎందుకో చెబుతాను. ఒక ఆదివారం సండేస్కూలులో క్షమించని దాసుడి ఉపమానం బోధించాను. ఒక తలాంతు సుమారు 6,000 దేనారములు, దేనారము ఒక రోజు కూలి. అంటే యజమాని కొట్టివేసిన 10,000 తలాంతుల అప్పు 6 కోట్ల రోజుల కూలి. ఆ దాసుడు తోటివాడి గొంతు పట్టుకున్నది 100 రోజుల కూలి కోసం. లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే అందరూ మెచ్చుకున్నారు. ఇంటికి వచ్చేసరికి బల్ల మీద మా అన్నయ్య ఉత్తరం ఉంది. ఆస్తి పంపకాల్లో మాట పడినప్పటి నుంచి మాకు మాటల్లేవు. విప్పకుండా సొరుగులో పడేశాను. అది విప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆ ఉపమానం నన్ను భోజనం దగ్గర కూడా వదల్లేదు. మోకాళ్ల మీద ఏడ్చిన రాత్రి నేను కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. ఎప్పుడో తెలిసినదానికే లొంగిపోయాను.

చదువు వద్దని నా ఉద్దేశం కాదు. అపొస్తలుల కార్యాల్లో పౌలు, సీలలను కాపలా కాసిన ఫిలిప్పీ చెరసాల నాయకుడు కూడా వాక్యం విన్నాకే మారాడు. అయితే అతను విన్నది ఎంత? కొన్ని గంటల ముందు వాళ్ల కాళ్లకు బొండ, అంటే కదలనివ్వని కొయ్య, వేసి బిగించినవాడు, ఆ రాత్రి ఆ గడియలోనే వాళ్ల గాయాలు కడిగాడు.

కాబట్టి ఈ నెలంతా మత్తయి 5 నుంచి 7 అధ్యాయాల్లోని యేసు కొండమీది ప్రసంగం ఒక్కటే దగ్గర పెట్టుకో. ఏ వచనం దగ్గర మనసు ఇబ్బంది పడి పక్కకు జరగాలని చూస్తుందో అక్కడే ఆగు. దాని వ్యాఖ్యానం వెతకకు. ఆ మాటకు ఎవరి ముఖం గుర్తుకొచ్చిందో ఆ పేరుతో ప్రార్థించు. నీతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లను, నా కోపం ఏమైనా తగ్గిందా అని అడుగు. వాళ్లు చెప్పేటప్పుడు సమర్థించుకోకు. ఇది చాలా కష్టం, నాకు ఇప్పటికీ కష్టమే.

ఒక జాగ్రత్త. ప్రేమ, సంతోషం, సమాధానం అంటూ గలతీ పత్రికలో పౌలు చెప్పినవాటిని మార్కుల పట్టికలా గోడకు అంటించుకోవద్దు. శరీరానికి కార్యాలు అన్నాడు గానీ, ఆత్మకు ఫలం అన్నాడు. ఫలం చెట్టుకు కాయాలి. నువ్వు చేయగలిగింది క్రీస్తును అంటిపెట్టుకుని ఉండడం, ఆయన చూపిన చోట కాదనకపోవడం.

నీ ఉత్తరం చివర ఒక స్నేహితురాలి గురించి ఒక వాక్యం రాసి కొట్టేశావు. గీత కింద పేరు కనిపిస్తూనే ఉంది. ఆమె దగ్గరికి వెళ్లే ముందు నాకు ఫోను చెయ్యి, ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దాం.

ప్రేమతో,
బాబాయి